పది నిమిషాల కరెంటుకు పొద్దంతా

క్యాన్సర్ వచ్చిన మనిషికి ధైర్యం చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. టైము చెప్పేవాళ్లే దొరకరు. రేడియేషన్‌కు "పొద్దున్నే రండి" అంటారు. ఆ పొద్దున ఒక్కోనాడు పన్నెండింటికి ముగుస్తుంది, ఒక్కోనాడు మూడు దాటినా ముగియదు. మిషన్ కింద మనిషి పడుకునేది పది, పదిహేను నిమిషాలు. అందులోనూ సగం సేపు మనల్ని అటు జరిపి ఇటు జరిపి ఒంటి మీద గీసిన గీతల మీదికి తేవడానికే సరిపోతుంది. కిరణాలు ఒంటి మీద పడే సమయం లెక్కేస్తే కొద్ది నిమిషాలే. మిగతా దినమంతా బస్సులో, బెంచీ మీద, క్యాంటీన్ గోడ నీడన గడిచిపోతుంది.

నేను ఆర్టీసీ కండక్టర్‌ను. దేవరకొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైనే. కొండమల్లేపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం... ఏ స్టేజీలో ఎవరు ఎక్కుతారో, ఎవరు చిల్లర లేదంటారో తెలిసిన రూటు. పోయిన ఎండాకాలం ఆ రూటులోనే పేషంటుగా తిరిగాను. ఎడమ రొమ్ములో గడ్డ. గడ్డ వరకే తీసే ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు, ఆ తర్వాత రేడియేషన్ రాశారు. మా దిక్కు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. నేనూ అట్లనే అంటాను.

కీమో కష్టం అందరికీ కనిపిస్తుంది. జుట్టు ఊడుతుంది, వాంతులవుతాయి, చూసినవాళ్లు అయ్యో అంటారు. రేడియేషన్‌కు వచ్చేసరికి నెత్తి మీద వెంట్రుకలు మళ్లీ మొలుస్తుంటాయి. "ఇంకేంది, బాగైపాయెగా" అంటారు. అప్పటికి ఇంట్లో అప్పు పెరిగి ఉంటుంది. తోడు వచ్చేవాళ్ల ఓపికా అయిపోయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే వారానికి ఐదు రోజుల చొప్పున వారాలకు వారాలు రోజూ రమ్మంటారు. రేడియేషన్‌లో ఆడవాళ్లను ఓడిస్తున్నది రాకపోకలు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్పాలి, చాలామందికి తెలియక భయపడతారు. తొలిరోజు మిషన్ పెట్టరు. వాలుగా ఉన్న బోర్డు మీద పడుకోబెట్టి, రెండు చేతులూ తలమీదికి పెట్టించి, సీటీ స్కాన్ తీస్తారు. ఆ బొమ్మల మీద కంప్యూటర్‌లో ప్లాన్ వేస్తారు. చంకలో గడ్డలు తీసిన చేయి అంత పైకి లేవాలి కదా. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే గోడ మీద వేళ్లతో పైపైకి పాకించే కసరత్తు చెప్పేది అందుకే. దాన్ని మానేసినవాళ్లు ఇక్కడికొచ్చాక కళ్లనీళ్లు పెట్టుకుంటారు. బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడే ఉద్యోగం నాది, చేయి బాగానే లేచింది.

గుండె ఉండేది ఎడమ రొమ్ము వెనకాలే. గాలి నిండా పీల్చి ఆపితే ఊపిరితిత్తులు ఉబ్బి గుండె ఛాతీ గోడ నుంచి కొంచెం దూరం జరుగుతుంది. ఆ కొన్ని సెకన్లలోనే కిరణాలు వదులుతారు. మందపాటి తలుపు మూసుకున్నాక స్పీకర్‌లో నా కొడుకు ఈడు పిల్లవాడి గొంతు వినిపించేది: "గాలి పీల్చండమ్మా... ఆపండి... ఆ, వదలండి." కొందరికి అదే పెద్ద గండం, దగ్గు వస్తుంది, మళ్లీ మొదటి నుంచి. "రైట్ రైట్" అని అరిచి అరిచి పెంచుకున్న ఊపిరి నాకు అక్కడ పనికొచ్చింది.

గీతల సంగతి వేరే చెప్పాలి. కొన్నిచోట్ల పచ్చబొట్టు చుక్కలు వేస్తారట. మాకు ఊదారంగు ఇంకుతో గీతలు గీశారు, ఛాతీ నడిమిన ఒకటి, పక్కలకు చెరొకటి, పైన ఒకటి. అవి చెరిగిపోవద్దు. చెరిగితే మీరు దిద్దుకోవద్దు. సబ్బు పెట్టొద్దు, తువ్వాలతో రుద్దొద్దు, పౌడర్ వద్దు, అమ్మ రాస్తానన్న కొబ్బరినూనె కూడా వద్దు. అది మే నెల. నల్లగొండ జిల్లా ఎండ. చెమటకు ఇంకు కరిగి కారి, నా తెల్ల కాటన్ జాకెట్లన్నిటికీ ఊదా మరకలు పడ్డాయి. ఎడమ వైపు తగలకుండా చెంబుతో వీపు మీద నీళ్లు పోసుకుని అదే స్నానం అనుకునేదాన్ని. బస్సు కదిలి కిటికీలోంచి గాలి కొడితే ప్రాణం లేచొచ్చేది. కిటికీ సీటు దొరకని రోజు కూర్చున్నా నిలబడ్డా ఒక్కటే.

లోపలికి పోయేముందు మెడలో ఉన్న నగలన్నీ తీయాలి. ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో కల్వకుర్తి దిక్కు నుంచి వచ్చిన చిన్న పిల్ల, పెళ్లై ఎన్నాళ్లో కాలేదు, పుస్తెలతాడు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. తీస్తే అత్త ఊరుకోదట. బయట పేరు పిలుస్తున్నారు. అక్కడ పనిచేసే ఆయా కొంగు ముడి విప్పి పసుపుతాడు తీసింది. దానికి చిన్న పసుపుకొమ్ము ముందే కట్టి ఉంది. "ఇది ఏసుకో బిడ్డా, అది మీ అమ్మకియ్యి. ఈడికొచ్చేటోళ్లందరు గిట్లనే ఏసుకుంటరు" అంది. ఆ కొంగులో అట్లాంటి తాళ్లు ఇంకా ఉన్నాయి. ఎవరూ చెప్పని ఏర్పాటు, ఏ సర్క్యులర్‌లోనూ లేని ఏర్పాటు. ఆసుపత్రి నడిచేది సగం ఇట్లాంటి మనుషుల మీదనే.

రెండో వారం దాటాక చర్మం నల్లబడింది. చంక కింద, రొమ్ము కింది మడతలో మంట. కోర్సు అయిపోగానే తగ్గిపోతుందనుకుంటారు గానీ, అయిపోయిన తర్వాత కూడా వారం, పది రోజులు ఇంకా ముదిరి అప్పుడు మానడం మొదలవుతుంది. ఇది తెలియక చాలామంది బెదిరిపోయి పసర్లు పూస్తారు. పూయకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. నీరసం సంగతి సరేసరి. డబుల్ డ్యూటీ చేసిన రాత్రి కూడా నేనట్లా అలసిపోలేదు. పడుకుని లేస్తే పోయే అలసట కాదది. పథ్యాల గోల ఒకటి. పెరుగు వద్దని ఒకరు, వంకాయ వద్దని ఒకరు, కోడిగుడ్డు వేడి అని ఇంకొకరు. డాక్టరమ్మ మాత్రం గుడ్డు తిను, పప్పు తిను, బరువు తగ్గకు అంది. డాక్టరమ్మ మాటే విన్నాను.

ఇక బెంచీ దగ్గరికి వద్దాం. రేడియేషన్ హాల్లో పేరు, ఊరు తర్వాత, "ఎన్నోది?" అనేది మొదటి ప్రశ్న. "ఇయ్యాల ఎన్నోది చెల్లె?" "ఇంకెన్నున్నయి అక్కా?" అచ్చంపేట నుంచి, హుజూర్‌నగర్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు రోజూ అదే బెంచీల మీద. నన్ను ఆలోచనలో పడేసింది ఆ మొహాలే. ఔట్‌పేషంట్ గదికి రేపు ఎవరొస్తారో ఎవరికీ తెలియదు, అక్కడ లైను తప్పదు. రేడియేషన్ అట్లా కాదు. రేపు ఎవరొస్తారో, ఎల్లుండి ఎవరొస్తారో, వచ్చే వారం ఎవరి కోర్సు అయిపోతుందో ఆ కంప్యూటర్‌లో ముందే ఉంటుంది. ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతుందో కూడా తెలుసు. అయినా అందరినీ పొద్దున్నే రమ్మని కార్డులు వరసలో పెట్టమంటారు.

మా డిపోలో చార్టు వేస్తారు. ఏ సర్వీసుకు ఏ డ్రైవర్, ఏ కండక్టర్, బయలుదేరే టైము ఎంత, అన్నీ అందులో ఉంటాయి. బస్సు బ్రేక్‌డౌన్ కావచ్చు, ట్రాఫిక్‌లో ఇరుక్కోవచ్చు, మనిషి రాకపోవచ్చు. అవన్నీ తెలిసీ చార్టు వేస్తారు, ఎందుకంటే చార్టు లేకపోతే అందరూ పొద్దున నాలుగింటికే వచ్చి డిపో గేటు దగ్గర కూర్చోవాల్సిందే. రేడియేషన్ మిషన్‌కు అదే పని ఎందుకు చేయరు? రోజూ ఊరి నుంచి వచ్చిపోయేవాళ్లకు పదకొండు నుంచి ఒంటిగంట మధ్య, హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు పొద్దున, సాయంత్రం. ఎముకల నొప్పితోనో రక్తం ఆగకో అత్యవసరంగా వచ్చేవాళ్లకు మధ్యమధ్య ఖాళీ. అట్లా టైము ఇచ్చే ఆసుపత్రులు ఉన్నాయి, కాబట్టి కుదరదనే మాట చెల్లదు. ఒకనాడు నేను అక్కడి సారును ఇదే అడిగితే "ఇక్కడ అట్ల నడవదమ్మా" అన్నాడు. ఎందుకు నడవదో చెప్పలేదు. ఆయన్ను అని లాభం లేదు, చార్టు వేసే పని ఎవరిదో ఎవరూ ఆయనకు చెప్పినట్టు లేదు.

మిషన్ ఆగిపోయే రోజులూ ఉంటాయి. అదొక యంత్రం, ఆగుతుంది. కానీ ఆగిందని తెలియక తెల్లారకముందే లేచి, సద్ది కట్టుకుని, మూడు గంటల ప్రయాణం చేసి వచ్చి "ఇయ్యాల మిషన్ లేదు, రేపు రండి" అనిపించుకున్నవాళ్ల మొహాలు చూడాలి. అందరి ఫోన్ నంబర్లూ ఫైలు మీదే రాసి ఉంటాయి. ఒక్క మెసేజ్ పెడితే పోయేది.

అచ్చంపేట దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. ఆమెకు రాసింది ఐదు వారాలు, నాకు మూడు, పైన గడ్డ ఉన్న చోటికి కొన్ని అదనం. ఆ అదనాన్ని బూస్ట్ అంటారు. ఒకే జబ్బుకు ఈ తేడా ఏంటని నా బిడ్డను అడిగితే వెతికి చదివి చెప్పింది. పాత పద్ధతిలో రోజుకు కొంచెం చొప్పున 25 రోజుల్లో 50 గ్రే ఇచ్చేవాళ్లు. గ్రే అంటే కిరణాల డోసుకు కొలత. బ్రిటన్‌లో స్టార్ట్ అనే పరీక్షల్లో 15 రోజుల్లో 40 గ్రే ఇచ్చి చూశారు. పదేళ్లు వెంటబడి చూసిన ఫలితాలు 2013లో వచ్చాయి. జబ్బును అదుపు చేయడంలో మూడు వారాల పద్ధతి ఐదు వారాలదానికి తీసిపోలేదు. 2020లో ఫాస్ట్ ఫార్వర్డ్ అనే ఇంకో పరీక్ష ఫలితాలు వచ్చాయి, అందులో ఒకే వారంలో ఐదు డోసుల్లో 26 గ్రే. కొందరికి ఎక్కువ రోజులు కావాల్సిన కారణాలు డాక్టర్ల దగ్గర ఉండొచ్చు. వాళ్లకంటే నాకు ఎక్కువ తెలుసని అనను. కానీ "నాకు మూడు వారాల్లో కాదా డాక్టరుగారూ?" అని అడగడం తప్పు కాదు. బట్టల దుకాణంలో చీర రంగు వెలుస్తుందా అని పది సార్లు అడుగుతాం. మన ఒంటి సంగతి అడగడానికి మొహమాటం ఎందుకు?

జూన్‌లో మృగశిర కార్తె వచ్చింది, వాన పడింది. "ఇత్తనం పెట్టకుంటే ఏడాదంత ఏం తినాలె బిడ్డా" అంది పెద్దమ్మ ఒకరోజు. తర్వాత రాలేదు. ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి ఆమెకు. ఫోన్ చేస్తే కొడుకు ఎత్తాడు. "నొప్పేం లేదంటది అక్కా. పత్తి పని ఒడిసినంక మళ్లీ తోల్కపోత" అన్నాడు. అతన్ని తిట్టాలనిపించలేదు. తల్లిని తీసుకొచ్చిన ప్రతిరోజూ అతనికి కూలి పోయింది. మిషన్ ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది గానీ ఆ కూలి ఏ కార్డులోనూ లేదు.

రేడియేషన్ మధ్యలో ఆపొద్దని డాక్టర్లు మొత్తుకునేది ఊరికే కాదు. విరామమిస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరగడానికి సందు దొరుకుతుంది. గడ్డ వరకే తీసే ఆపరేషన్ చేయించుకున్న పదివేల మందికి పైగా ఆడవాళ్ల వివరాలు కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పదేళ్లలో జబ్బు తిరగబెట్టడం రేడియేషన్ లేనివాళ్లలో 35 శాతం ఉంటే, తీసుకున్నవాళ్లలో 19 శాతమే. 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు సుమారు 1.92 లక్షల మంది అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇందులో బస్సెక్కి రావాల్సినవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు.

ప్రతి పట్టణంలో మిషన్ పెట్టమని నేను అడగను. మీటరుకు పైన మందం గోడల గది కావాలి, ఫిజిసిస్టు కావాలి, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. జిల్లాల్లో పెడితే సంతోషం, కానీ అది రేపటికల్లా అయ్యేది కాదు. రేపటికల్లా అయ్యేది ఇంకొకటుంది, నాకు బాగా తెలిసింది: టికెట్.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇస్తాం. ఈ పథకం మీద ఎవరేం మాట్లాడినా, చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకుని బస్సెక్కే ఆడవాళ్లు ఈ పథకం వచ్చాక ఎక్కువయ్యారని కండక్టర్‌గా నా కళ్లతో చూశాను. వచ్చిన చిక్కల్లా తోడుతో. నా వెంట చెల్లె వస్తే ఇద్దరికీ జీరో. మా ఆయన వస్తే ఆయనకు పూర్తి చార్జీ, పోనూ రానూ, రోజూ. ఇంట్లో ఆడవాళ్లు పొలం పనిలోనో పిల్లల దగ్గరో ఉంటే మగవాళ్లే రావాలి. తిరుగు ప్రయాణంలో కళ్లు తిరిగితే పట్టుకోవడానికి మనిషి కావాలి కదా. చార్జీ మిగులుతుందని ఒంటరిగా వచ్చేవాళ్లు ఉన్నారు. మాల్ దాటాక ముందు సీటు కడ్డీకి తల ఆనించి పడుకున్న ఒకామెకు నేనే నీళ్లు తాగించాను. నాదీ ఆనాడు అదే పరిస్థితి, పేషంటుకు పేషంటే తోడు.

రైల్వేకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో చార్జీ మొత్తం మాఫీ. వెంట వెళ్లేవాళ్లకు కూడా 75 శాతం రాయితీ. కానీ మా దేవరకొండకు రైలే లేదు. అచ్చంపేటకూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇస్తున్నారు. తోడు వచ్చేవాళ్లకు కూడా టికెట్ వద్దని ఇక్కడి ప్రభుత్వానికీ, అక్కడి ప్రభుత్వానికీ చెబుతున్నాను. దుర్వినియోగం అవుతుందంటారు. స్టూడెంట్ పాసు మీద ఫలానా తేదీ వరకు అని రాసి ఉన్నట్టే, ఆసుపత్రి కాగితం మీద కోర్సు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, తోడు వచ్చే ఒక్కరి పేరు రాసి ముద్ర వేస్తే చాలు. దొంగ పాసు పట్టుకోవడం మాకు కొత్త కాదు.

నేను చివరికి ఒంట్లో సత్తువ లేక ఆసుపత్రి దగ్గర గది తీసుకున్నాను, ఇంకో పేషంటుతో కలిసి. ఇంటి ఓనరమ్మ మంచిదే గానీ పిల్లల్ని మా గది వైపు రానిచ్చేది కాదు, మా ఒంట్లోంచి కరెంటు వాళ్లకు సోకుతుందని. బయటి నుంచి కిరణాలు పెట్టే ఈ వైద్యంలో మిషన్ ఆపగానే కిరణాలు ఆగిపోతాయి, ఎక్స్‌రే తీయించుకుని ఇంటికొచ్చినట్టే. పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు, అదే కంచంలో తినొచ్చు. ఆసుపత్రి గోడ మీద "ధైర్యంగా ఉండండి" అని రాసినచోట ఈ ముక్క రాసి ఉంటే ఆమెకు ఫోటో తీసి చూపించేదాన్ని.

ఇప్పుడు డ్యూటీలో చేరాను. డాక్టరు కాగితం మీద డిపోలో కూర్చునే పని ఇచ్చారు. టికెట్లు కొట్టే టిమ్ మిషన్ పట్టీ, క్యాష్ బ్యాగు పట్టీ రెండూ ఎడమ భుజం మీది నుంచే వేసుకునే అలవాటు, అవి సరిగ్గా ఆ చర్మం మీదే ఒరుసుకుంటాయి. రూటు మీదికి వెళ్లినప్పుడు కుడి భుజానికి మార్చుకోవాలి.

ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు నా విన్నపం: రేడియేషన్‌కు టైము చార్టు వేయండి, మిషన్ ఆగిన రోజు తెల్లవారుజాము బస్సు బయలుదేరకముందే మెసేజ్ పెట్టండి. రవాణా మంత్రులకు: క్యాన్సర్ చికిత్సకు వెళ్లే మనిషికి తోడుగా వచ్చే ఒక్కరికి, ఆడైనా మగైనా, కోర్సు ముగిసేదాకా జీరో టికెట్ ఇవ్వండి. ఉత్తర్వు వచ్చిన మర్నాడే కొట్టడం మొదలుపెడతాం.